కోడిపిల్లల షెడ్డులో చలిగాలి

అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు. రేడియోలో చలి మాట వినబడితే నా చెవి ఇప్పటికీ ఆమె షెడ్డువైపే తిరుగుతుంది.

ఆమె ఉన్నప్పటి ఒక చలికాలం, వచ్చే రెండు వారాలు చలిగాలులు ఇంకా ముదురుతాయని రేడియోలో చెప్పిన రోజే ఆ షెడ్డులోకి కొత్త కోడిపిల్లలు దిగాయి. గుడ్డులోంచి అప్పుడే బయటపడిన పసుపుపచ్చ ముద్దలు. అంతకుముందు పెంచినవి చలికే పోయాయి. ఇవీ పోతే షెడ్డు మూసుకోవడమే.

అక్క థర్మామీటరు కంటే పిల్లల పడకనే నమ్మేది. బల్బుల కింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి. దూరంగా జరిగి రెక్కలు విప్పితే వేడి. గింజలు చల్లినట్టు పరుచుకుంటే హాయి. ఎంత చలైనా షెడ్డు పక్కలకు కట్టిన పరదాల పైన జానెడు సందు వదిలేది. దానిమీద బావతో ప్రతి చలికాలమూ పేచీనే.

"కుంపట్లు పెట్టేది ఊరందరికీ వేడి పంచడానికా ఏంటే?" అన్నాడు బావ ఆ రోజు కూడా.

"వాటికి ఊపిరాడొద్దా? నీలా ముసుగుతన్ని గురకపెట్టవవి."

"రేడియోలో చెప్పింది విన్నావుగా!"

"విన్నా. సందు ముయ్యమని మాత్రం చెప్పలేదు."

అక్కా నేనూ ఊక బస్తాలకు వెళ్ళి వచ్చేసరికి పొద్దు వాలింది. పరదాలు కిందనుంచి పైదాకా మేకులతో బిగించి ఉన్నాయి. లోపల కిచకిచల్లేవు. అక్క బస్తా అక్కడే వదిలేసి పరిగెత్తింది.

తలుపు తోస్తే బొగ్గుల వేడి మొహాన కొట్టింది. పిల్లలు గుంపు కట్టలేదు, చెదరనూ లేదు. ఉన్నచోటే నోళ్ళు తెరిచి వాలిపోయాయి. దాణా బస్తాకు ఆనుకుని బావ.

"తల దిమ్ముగా ఉంది. కాసేపు పడుకోనీ."

ఇద్దరం అతన్ని బయటికి ఈడ్చాం. అక్క కొడవలి అందుకుని పరదా చీల్చింది. "చూస్తావేంట్రా, డాక్టర్ని పిలువు!"

డాక్టరుతో నేను తిరిగొచ్చేసరికి కుంపట్లు వాకిట్లో ఉన్నాయి. బావ గోడకు ఆనుకుని కక్కుతున్నాడు. గాలి తగిలి తేరుకున్న పిల్లలు ఇప్పుడు చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి. కిందవి నలిగిపోకుండా అక్క రెండు చేతులతో గుట్టను విడదీస్తూనే బయటికి అరుస్తోంది.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నా."

"నిద్రపోయావో, నెత్తిన నీళ్ళు పోస్తా!"

"ఈ చలిలోనా?"

మూసిన షెడ్డులో బొగ్గుల విషగాలి పీల్చాడు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నాడు డాక్టరు. అక్క చేతులు తీయగానే గుట్ట మళ్ళీ మూసుకుంది. ఒక్క క్షణం దానివంక చూసింది.

"నువ్వుండు. పిల్లలు..." అన్నాడు బావ.

"నోర్ముయ్," అని డాక్టరు వచ్చిన బండెక్కి అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

నేను ఆమె చోట మోకాళ్ళమీద కూర్చున్నాను. బండి కదులుతుంటే, "చేతులు ఆపకురా!" అని అరిచింది.

తెల్లవారాక బావకు గండం గడిచిందని కబురొచ్చింది. అప్పటికీ నా చేతులు కిచకిచలాడే ఆ గుట్టలోనే ఉన్నాయి.