పేరు దగ్గర ఆగిన గొంతు

బందరు కోనేరు సెంటర్ దగ్గరి నెట్ సెంటర్లో షాహిదా పనిచేసేది. వాళ్ళ నాన్న పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాడు. ఆ అచ్చుల పిచ్చే ఆమెకు కంప్యూటర్ అక్షరాల మీదికి మళ్ళింది. అప్పట్లో కుర్రకారంతా స్నేహితుల్ని కలుసుకునే ఆర్కుట్‌ సైటులో పేరు పెట్టించుకోవడానికి ఎవరొచ్చినా, లెక్కల గుర్తుల కోసం తయారైన వంపుల ఇంగ్లీషు అక్షరాల్ని ఏరి, ఒక్కొక్కటే అతికించి, మెడ పక్కకు వంచి చూసి మురిసిపోయేది. మామూలు అక్షరాలు ఆమె కంటికి ఉతికి ఉతికి వెలిసిన దుప్పటిలా ఉండేవి.

టీచర్స్ డేకి, బళ్ళో తనకు చదువు చెప్పిన వెంకటరత్నం మాస్టారికి నెట్ సెంటర్ మెయిల్ నుంచి ఉత్తరం పంపింది. ఆయనకు చూపు లేదు; మెయిల్ వస్తే కంప్యూటరే పైకి చదివి వినిపిస్తుంది. విషయమంతా మామూలుగా కొట్టి, చివర తన పేరును మాత్రం అరగంట కూర్చుని ఆ వంపుల అక్షరాలతో అలంకరించింది. మర్నాడు మెయిల్ అడుగునున్న నంబరుకు మాస్టారు ఫోన్ చేశారు.

"చాలా బాగా రాశావమ్మా. ఇంతకీ ఎవరు నువ్వు? అంతా చదివిన కంప్యూటర్ పేరు దగ్గరికొచ్చేసరికి ఊరుకుండిపోయింది."

"షాహిదానండీ."

"నువ్వటమ్మా. పేరు పెట్టి మళ్ళీ పంపు, ఇంకోసారి వింటాను."

కంటికి అక్షరాల్లా ఉన్న ఆ వంపులు కంప్యూటర్‌కు లెక్కల గుర్తులేనని ఆమెకు అర్థమైంది. ఈసారి మెడ వంచలేదు. కళ్ళు మూసుకుని, ఒక్కోటీ పైకి పలుకుతూ, ఏడు మామూలు ఇంగ్లీషు అక్షరాలు కొట్టింది.