మస్కట్ గాలి

హోసూరు నుంచి అంచెట్టి పోయే బస్సులో, పక్క వరస సీటాయన కిటికీలోంచి గాలి కొట్టినప్పుడల్లా ముందు సీటు కమ్మీ మీంచి చేతులు తీసేస్తున్నాడు. నేను ఊరుకోలేక, "పట్టుకోన్నా, పడతావు" అన్నాను.

ఆయన నావైపు తిరిగి చెప్పుకొచ్చాడు. ఆయనా, ఆయన తమ్ముడూ మస్కట్‌లో సముద్రం ఒడ్డు హోటల్లో పనిచేశారట. పలక మీద నిలబడి, తెరచాప పట్టుకుని నీళ్ల మీద పోయే విండ్‌సర్ఫింగ్ అక్కడే నేర్చుకున్నారట.

"ఆ గాలి ఉన్నట్టుండి గుంజుతాదమ్మా. గుంజితే తెరచాప ఇడిసేయల్ల. నీళ్లలో పడతాము, అంతే. నేనెంత అరిసినా మా తమ్ముడు ఇడ్సలేదు. గాలి వాణ్ణి సముద్రంలోకి ఎత్తుకొని పోయింది."

"ఎందుకు ఇడ్సలేదన్నా?"

"ఎద్దుల్ని మేపినోళ్లం కదా. ఎద్దు ఎంత గుంజినా తాడు ఇడ్సగూడదని మాయమ్మ కొట్టి నేర్పింది."

తమ్ముడు పోయాడని మాత్రం మస్కట్ నుంచి ఫోన్లో చెప్పాడట. ఎలా పోయాడో ఇప్పుడు అమ్మకు చెప్పాలి.

"చెయ్యి జారిందని చెప్తా. నమ్ముతాదా?"

"నమ్ముతాదిలేన్నా" అన్నాను తేలిగ్గా.

అంచెట్టిలో బస్సు దగ్గరే వాళ్లమ్మ నిలబడి ఉంది. కొడుకు దిగగానే చేతులు పట్టుకుని, "ఎట్ల పోయినాడప్పా?" అని అడిగింది.

"చెయ్యి జారిందిమా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పట్టుకున్నది ఇడ్సే బిడ్డ కాదప్పా వాడు."

ఏడుస్తూనే, ఆ మాట మాత్రం గర్వంగా అంది. ఆయన తల తిప్పి నావైపు చూశాడు. నేను సంచి తీసుకుని గబగబా నడిచాను. ఇప్పటికీ ఎవరికైనా ధైర్యం చెప్పబోతే ఆ చూపు అడ్డొస్తుంది.