ఈరన్న పటాలు చూడటానికి ఆదోని వెళ్ళిన రోజు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఉదయం ఏడు గంటలకు ఒక బస్సు ఉంది. సీటు కావాలంటే అరగంట ముందే ఎక్కి కూర్చోవాలి. నేనూ మా మరిది ఈరన్నా ఆరుంబావుకే చేరాము. అయినా నాకు దొరికింది ఇంజను పక్కన వేడి సీటే. టిక్కెట్టు మనిషికి తొమ్మిదణాలు.

ఈ ప్రయాణం ఎందుకంటే చెబుతాను. మాది నేత ఇల్లు. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను నూలుకు రంగు అద్దుతాను. ఈరన్న మా ఆయన తమ్ముడు. మా అత్త పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, నా చేతి ముద్దలు తిని పెరిగాడు. ఇప్పుడు ఇరవై దాటాయి. చెయ్యి మగ్గం మీద ఉన్నా మనసంతా బొమ్మల మీదే. బళ్ళారిలో పటాలు వేసే పెద్దాయన ఒకరు వాడి బొమ్మలు చూసి, రెండేళ్ళు తన దగ్గర పెడితే నేర్పిస్తానని కబురు పంపారు. ఆయనే ఆదోనిలో ఒక బడి హాలు అడిగి తీసుకుని తన పటాలతో పాటు ఇంకో ఇద్దరివీ, మా ఈరన్నవీ గోడలకు పెట్టించారు.

మా ఆయనకు ఇదంతా నచ్చలేదు. "నువ్వు పొయ్యి సూసి రా. రంగు సంగతి నాకంటే నీకే బాగ తెలుసు. అది పనే అంటే బళ్ళారికి అంపిద్దాం. ఆటలే అంటే సోమారం నుంచి రెండో మగ్గం మీద కూసుంటాడు. నువ్వు యా మాట సెప్తే అదే" అన్నాడు. అట్లా వాడి బతుకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

బస్సులో నా వెనక సీటులో ఒక రైతు పత్తి బేరానికి పోతున్నాడు.

"యాడికమ్మా పొద్దున్నే?"

"ఆదోనికే అన్నా, పటాలు సూసేకి."

"యా దేవునివి?"

"దేవుళ్ళవి కాదంట. ఆవులు, కొండలు, మనుషులు."

"ఆవుల్ని సూసేకి బస్సెక్కల్లనా? మా ఇంటికి రారాదా, నాలుగుండాయి. పేడ గూడా ఎత్తిపోతువు!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఈరన్న మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఎనిమిదిన్నరకు ఆదోనిలో దిగాము. పత్తి కాలం కాబట్టి మిల్లుల ముందు బండ్లు బారులు తీరాయి. దూది రేణువులు తలలో చిక్కుకుంటాయి, వెళ్ళే ఆడవాళ్ళు కొంగు కప్పుకోండి. బస్సులు ఆగే చోట బొరుగుల ఉగ్గాని, బజ్జీలు వేడిగా దొరుకుతాయి. నేను తిన్నాను. ఈరన్న పొట్లం విప్పలేదు.

పది గంటలకు హాలు తీశారు. లోపల అడుగుపెట్టగానే కళ్ళు చెదిరాయి. నీలం ఆవులు, వంకాయ రంగు కొండలు, పసుపు ఆకాశం! ఒక పటంలో కూర్చున్న ఆడమనిషి మొహం ఆకుపచ్చగా ఉంది. ఇది చూసి వచ్చి మా ఆయనతో పని అని ఎట్లా చెప్పేది?

బళ్ళారి పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నారు. తెల్ల గడ్డం, మెత్తటి మాట. ధైర్యం చేసి అడిగాను.

"అయ్యా, ఈయమ్మకి జరమా?"

"జ్వరం కాదమ్మా. వేపచెట్టు కింద కూచుంది."

మళ్ళీ చూశాను. ఆకుల్లోంచి దిగిన ఎండ ఆమె బుగ్గల మీద పడుతోంది. మధ్యాహ్నం పూట చెట్టు కింద నా చేతులు అట్లాగే కనిపిస్తాయి కదా, ఇన్నేళ్ళూ చూసి కూడా చూడలేదే అనుకున్నాను.

మూడో గోడ మీద ఈరన్న పటం ఉంది. మా పెరడే. వెదుళ్ళ మీద కట్టలు కట్టలుగా ఆరేసిన ఎర్ర నూలు చిలపలు. ఆ ఎరుపు నేను అద్దే ఎరుపు.

మా వాళ్ళు రంగు నూలు కొనేటప్పుడు బొటనవేలు నాలుకకు తడి చేసుకుని నూలు మీద గట్టిగా రుద్దుతారు. వేలికి అంటితే కచ్చా రంగు, వద్దంటారు. అంటకపోతే పక్కా. నా చెయ్యి నన్ను అడగలేదు. వేలు నాలుకకూ, నాలుక నుంచి పటానికీ పోయింది. పటాలకు అద్దాలు లేవు, అవి నీళ్ళతో కలిపిన రంగులు. వేలంతా ఎరుపు, పటంలో చింతగింజంత తెల్ల మచ్చ!

"ఏమ్మా, పటాన్ని రుచి సూస్తాండావా? ఉప్పు సరిపోయిందా?" అన్నాడు ఒక కుర్రాడు. జనం మూగారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మా లెక్కన ఆ రంగు కచ్చా అని తేలింది, పైగా వాడి పటం నా చేతులతోనే పాడుచేశాను.

బళ్ళారి ఆయన మాత్రం కన్నడం కలిపి "ఇర్లి బిడమ్మా, పోనీ. ఇది ఉతికే గుడ్డ కాదు కదా" అని తన రంగుల పెట్టె తెచ్చి ఈరన్న ముందు పెట్టారు.

ఈరన్న పెట్టె మూత తీశాడు. నేలమీద కూర్చుని ఎరుపు కలిపాడు, చిత్తు కాగితం మీద ఒక గీత గీశాడు.

"అదే ఎరుపు రా, పెట్టేయ్ బిర్న!" అన్నాను కంగారుగా.

"ఆరనీ వదినా."

ఆరింది. వెలిసినట్టు కనిపించింది. నలుపు చుక్క వేసి మళ్ళీ గీశాడు. మళ్ళీ ఆగాడు. చుట్టూ జనం గుసగుసలాడుతున్నా తల ఎత్తలేదు. తడి రంగు మోసం చేస్తుందని, ఆరేదాకా ఆగాలని రంగు పనిలో అందరికీ తెలుసు. ఆగేవాళ్ళే తక్కువ. మా ఆయన ఆగలేడు. తొందరలో నేనే ఎన్ని చిలపలు పాడుచేశానో! నాలుగోసారి గీత ఆరాక గానీ వాడు పటం మీద కుంచె పెట్టలేదు. గోడ గడియారంలో పన్నెండు దాటింది. ఆ తర్వాత మచ్చ ఎక్కడుందో నాకే దొరకలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి విప్పితే పెద్దాయన మాతోనే కూర్చుని తిన్నారు. నేను చేసిన పాపానికి నన్ను కసిరి బయటికి పంపి ఉంటే, ఈరన్న పని చేయడం నేను ఏనాటికీ చూసేదాన్ని కాదు. ఇప్పటికీ ఆయన్ను తలచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి.

నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. ఈసారి కిటికీ సీటు దొరికింది. దూరంగా కొండలు నిజంగానే వంకాయ రంగులో ఉన్నాయి. అవి ఈ రోజు కొత్తగా ఆ రంగుకు మారినవి కావు. నాకు కళ్ళు ఇచ్చి పంపారు, అంతే.

ఊరు దాటినా ఈరన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళలో ఎరుపు చూసుకుంటున్నాడు. చివరికి నేనే అడిగాను.

"ఒరే, బళ్ళారికి రైలు ఎన్ని గంటలకి?"

నా మొహం చూశాడు. కళ్ళు నిండాయి. వాడు అన్నీ ముందే కనుక్కుని పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది.

"గుంతకల్లులో బండి మారల్ల వదినా" అన్నాడు.