మా నాయన చీట్లు, మా అమ్మ గింజలు

ఆలూరు పక్కన మా ఊళ్లో ఎనిమిదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేను. అందుకని నాకు కొంచెం పొగరు ఉండేది, కాదనను. ఆ పొగరు దించడానికే అన్నట్టు మిషన్ ఆసుపత్రి వాళ్లు నర్సు చదువుకు ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. ఇది యాభైల నాటి మాట. పాసైతే నర్సు చదువు, తెల్లచీర. తప్పితే వానలు పడగానే మా అమ్మ వెంట చేనికి.

అది మేమెరిగిన పరీక్ష కాదు. ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులు వాళ్లే అచ్చువేసి ఇస్తారు, సరైనదాని పక్కన టిక్కు పెట్టాలి. మా చర్చి బడి పంతులు ఎక్కడో పాత పేపరొకటి సంపాదించి తెచ్చాడు. అందులో ఇరవై ప్రశ్నలు.

"జవాబు వాళ్లే చెప్పినాక ఇంక పరీక్షేముండాది?" అన్నాడు మా నాయన.

నాకూ అలాగే అనిపించింది. తీరా కూర్చుంటే నాలుగు జవాబులూ సరైనవే అనిపించాయి. నాకసలే ముక్కు మీద కోపం. పేపరు పంతులు ముందు పడేసి వచ్చేశాను.

మా నాయన సంఘపెద్ద. మా సంఘంలో పెద్దను ఎన్నుకోవాలన్నా, క్రిస్మస్ వంట ఎవరింట్లో చేయాలన్నా ప్రార్థన చేసి చీట్లు తీసేవాళ్లు. వచ్చిన చీటికి ఇక ఎదురు లేదు. "ముప్పై ఇండ్లల్లో ఒక ఇంటిని చూపిచ్చే దేవుడు, నాలుగు మాటల్లో ఒకటి చూపిచ్చడా?" అని ఆయన ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలేసి చీట్లు చుట్టి, చెంబులో వేసి, కళ్లు మూసుకున్నాడు. ఇరవై ప్రశ్నలకు ఇరవై ప్రార్థనలు. పంతులు దిద్దితే ఐదే సరైనవి. మా నాయన అంత తొందరగా ఓటమి ఒప్పుకునే రకం కాదు. మర్నాడు ఒక పూట పస్తుండి మళ్లీ తీశాడు. ఈసారి నాలుగు.

"పెద్దన్నా, దేవుని మీద నాకూ నమ్మకముండాది. అయితే చెంబుకు ఇంగ్లీషు రాదు," అన్నాడు పంతులు.

నేను పడీపడీ నవ్వాను. మా నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమె వాకిట్లో కూర్చుని మా రెండెకరాల చేనికి విత్తనం బుడ్డలు ఒలుస్తుండేది. వేరుశనగ కాయల్ని మా వైపు బుడ్డలంటారు. విత్తనానికైతే చేత్తోనే ఒలవాలి, గింజ మీది పొర కూడా లేవకూడదు. ఒక్క గింజ నోట్లో వేసుకోబోయినా చేతి మీద ఠపీమని కొట్టేది. "ఇత్తనం తినకూడదు. చేనిది చేనికే."

నా సణుగుడు వినీ వినీ ఒక సాయంత్రం ఆమె చేట నా ముందుకు తోసింది.

"దీంట్లో మంచి గింజ యాదో చెప్పు."

నాకు అన్నీ మంచివిగానే కనిపించాయి.

"పుచ్చింది యాదో చెప్పు."

అది వెంటనే కనిపించింది.

"దాన్ని పారెయ్. ముడతలది పారెయ్. పలిగింది పారెయ్. మంచిదాన్ని ఎతకాల్సిన పనే లేదు పాపా. చెడ్డవి తీసేస్తాంటే అదే మిగుల్తాది."

పంతుల్ని బతిమాలి పేపరు మళ్లీ తెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె గింజలు ఏరుతుంటే నేను పక్కన కూర్చుని జవాబులు ఏరాను. ఇది పుచ్చు, ఇది పలిగింది అని పైకి చెప్పేదాన్ని. అమ్మకు ఒక్క మాట అర్థం కాకపోయినా "ఎందుకు పుచ్చు?" అని అడిగేది. కారణం తెలుగులో చెప్పేదాకా వదిలేది కాదు. అలా చెప్పీ చెప్పీ నాకు ఇంగ్లీషు పట్టుబడింది. ఆ పదిహేను రోజులంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ చదవలేదు.

పరీక్ష రోజు బస్సెక్కే ముందు మా నాయన ఆ నాలుగు చీట్లూ నా ఓణీ చెంగున కట్టాడు. వద్దంటే మళ్లీ అలుగుతాడని ఊరుకున్నాను.

పేపరులో పుచ్చులన్నీ ఇట్టే దొరికిపోయాయి. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం రెండు పోగా రెండు మిగిలాయి, రెండూ నిగనిగలాడుతున్నాయి. నా బుద్ధి గడ్డి తిని చెంగు ముడి విప్పాను. కాపలా ఉన్న దొరసాని వచ్చి నా చెయ్యి పట్టుకుని పేపరు లాక్కుంది. కాపీ అనుకుంది. చీట్లు విప్పితే అంకెలు తప్ప ఏమీ లేవు. పక్కనున్న తెలుగు నర్సమ్మ ఇవేమిటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. మా నాయన, చెంబు, ఇరవై ప్రార్థనలు, అన్నీ. ఆమె దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని కళ్లజోడు తీసి, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. చీట్లు తన దగ్గర పెట్టుకుని పేపరు నాకిచ్చింది. ఆ ప్రశ్నకు తోచింది పెట్టి లేచాను. ఎంత నవ్వినా నా సీటు పోయినట్టేనని అనుకున్నాను. ఆ సంగతి అమ్మకొక్కదానికే చెప్పాను.

తొలకరికి ముందే ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది. సీటు ఇచ్చారు. కవరులోంచి నాలుగు చీట్లూ రాలాయి. మా నాయన వాటిని ఏరుకుని, "చూసినావా, ఎగతాళి చేస్తివి గదా," అని వీధంతా చూపించి వచ్చి బైబిల్లో దాచుకున్నాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంత ఆనందంగా ఉన్నాడు.

అమ్మ చేటలోంచి తలెత్తలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఒలిచిన గింజల్లో నున్నటివి గుప్పెడు ఏరి నా ఒళ్లో పోసింది. నేను వాటిని విత్తనం మూటలో వేయబోతే చెయ్యి పట్టుకుంది.

"తిను," అంది. "ఈ పొద్దు తినొచ్చు."