ఒక్క అట్ట తప్ప

మదనపల్లెలో చీరల మ్యాచింగ్ షాపు పైన మేడ మీద కుట్టుమిషన్ల గది ఉండేది. అందులో నేను జాకెట్లు కత్తిరించి కుట్టేదాన్ని. నా పక్క మిషన్ మీద కూర్చునే ఆమెను అందరం పుంగనూరక్క అనేవాళ్లం, రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చేది కాబట్టి. నాకంటే బాగా పెద్దది. పైకి అక్కా అని పిలిచేదాన్ని గానీ లోపల ఏమని పిలుచుకున్నానో రాస్తే బాగుండదు.

నేను లేనప్పుడు నా మిషన్ మీద కూర్చుని దారం బిగువు మార్చేది, మళ్లీ సరిచేసేది కాదు. నా సుద్దముక్కలు ఆమె సంచిలో తేలేవి. బట్ట కోసే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని నిన్న పనిలో చేరిన పిల్లకైనా తెలుసు. ఈమె నా కత్తెరతో కాగితమే కాదు, ఊరగాయ ప్యాకెట్ కూడా కోసింది. ఇదేమక్కా అంటే, "కత్తెర ఉండేది కోసేదానికే కదమ్మే" అంది. నేను కుట్టిన జాకెట్టు కస్టమర్ చేతిలో పెట్టేలోపు ఏదో ఒక వంక పెట్టకపోతే ఆమెకు అన్నం సయించదు. "భుజాలు బిర్రుగా ఉండాయి సూడు" అని గాల్లోకి అనేది, కస్టమర్‌కు వినపడేటట్టు.

బస్సు డ్రైవర్‌గా చేసే మా ఆయనకు కుప్పం డిపోకు బదిలీ అయింది. పని మానేస్తున్నానని చెప్పగానే ఓనరు, "నీ అట్టలన్నీ అక్కకిచ్చి పోమ్మా. నీ కస్టమర్లను ఇంక ఆమే సూసుకుంటాది" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! ఆ అట్టలు షాపువి కావు. ఎప్పుడూ వచ్చే వాళ్ల కొలతలకు సరిగ్గా, చీరల పెట్టెల అట్టలు తెచ్చుకుని, ఆదివారాలు ఇంట్లో నేల మీద కూర్చుని కోసుకున్నవి. బట్ట మీద అట్ట పెట్టి గీస్తే చాలు, మళ్లీ టేపు పట్టే పని లేదు.

పుంగనూరక్క అడిగిన తీరు ఇంకా బాగుంది. "నీ అట్టలు అంత బాగుండవు గానీ, ఆడ పెట్టి పో. నేను సరిసేసుకుంటాలే."

నాకు ఒళ్లు మండింది. అయినా ఇచ్చాను. నా కస్టమర్లు ఏం పాపం చేశారు? ఎవరికి ఒక భుజం వాలుగా ఉంటుందో, ఎవరికి మెడ దగ్గర బిగువు పడదో, ఒక్కొక్క అట్టా చూపించి చెప్పాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "తెలుసులేమ్మే, తెలుసులే" అంటూ కూర్చుంది. పొట్టు నా అట్టల మీదే పడింది.

ఒక్క అట్ట మాత్రం ఇవ్వలేదు. అది సోమల మేడంది.

ఆమె రోజూ సోమల నుంచి పుంగనూరు మీదుగా బస్సులో మదనపల్లెకు వచ్చి ఒక ఆఫీసులో ఉద్యోగం చేసేది. రొమ్ముకు ఆపరేషన్ అయి ఒకవైపు తీసేశారు. మొదటిసారి వచ్చినప్పుడు ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకుని ఉంది. పరదా వెనక నాకు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అలాంటిది నేనెప్పుడూ కుట్టలేదు. ఆ వైపు లోపల పల్చటి గుడ్డ సంచి పెట్టి, దూది నింపి, రెండు వైపులా ఒక్కటిగా కనిపించేదాకా విప్పాను, కుట్టాను, మళ్లీ విప్పాను. కుదిరిన రోజు ఆమె శాలువా మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. ఆ షాపులో నేను చేసిన పనుల్లో నాకు గర్వంగా ఉన్నది అదొక్కటే.

"ఈ సంగతి మా ఆఫీసులో తెలిస్తే నేను ఆడ కూర్చోలేనమ్మా" అంది ఆమె. అందుకే ఆమె జాకెట్లకు హుక్సులు కూడా నేనే కుట్టి, పొట్లం కట్టి చేతికిచ్చేదాన్ని. పుంగనూరక్క నోటిలో నువ్వుగింజ నానదు. ఏ పెళ్లికూతురి జాకెట్టు వదులు చేయాల్సి వచ్చిందో బజారుకంతా చెప్పిన మనిషి. పైగా ఇద్దరిదీ ఒకే బస్సు. ఆ అట్ట ఆమె చేతిలో ఎలా పెట్టేది?

ఆ వారంలోనే మేడం వచ్చింది. మిగతావాళ్లు భోజనానికి కిందికి పోయారు, పుంగనూరక్క మాత్రం మిషన్ మీద ఉంది. నేను పరదా లాగి గొంతు తగ్గించాను. "మేడం, మీ అట్ట నాతోనే తీసకపోతాండా. బట్ట మా ఆయన బస్సులో పంపీండి, కుట్టి పంపిస్తా. ఎవురికీ తెలీదు."

ఆమె నేల చూపులు చూసింది. "వద్దులేమ్మా. అక్కకే ఇచ్చిపో."

"యా అక్కకు?"

"ఆయమ్మకు అంతా తెలుసులే."

పరదా తోసి బయటికొచ్చాను. "ఏమక్కా, సందులోంచి తొంగి సూసినావా?"

ఆమె తల కూడా ఎత్తలేదు. "నాకేం పనిలేదా? ఆయమ్మే బస్సులో సెప్పింది. సంక కింద నీ కుట్టు ఆపరేషన్ గాయం మీద ఒరుసుకుంటాండాదంట. బస్సులో సెయ్యెత్తి పైన కమ్మీ పట్టుకుంటే కోసుకపోతాదని కండ్లనీళ్లు పెట్టుకునింది. ఇప్పి, మెత్తటి గుడ్డేసి కుట్టిచ్చినా."

"ఎన్ని?"

"నువ్వు కుట్టినేవన్నీ."

నేను గుట్టుగా పొట్లం కట్టి ఇచ్చిన ప్రతి జాకెట్టూ అదే సాయంత్రం బస్సులో ఈమె సంచిలోకి పోయిందన్నమాట. ఇంట్లో సరిచేసి మళ్లీ బస్సులోనే ఇచ్చేసేదట.

"నాకు సెప్పకూడదా?" అని అరిచాను. ఇద్దరి మీదా.

"అంత ప్రేమగా కుట్టిస్తివి. బాగలేదని ఏ నోటితో చెప్పేదమ్మా?" అంది మేడం.

"సెప్తే ఇనే మనిషా?" అంది పుంగనూరక్క. "అట్ట సరిగ్గానే ఉండాదని టేపు పట్టుకుని మన మీదికొస్తాది."

ఊళ్లో సంగతులన్నీ టముకు వేసే మనిషి ఈ ఒక్కటీ కడుపులో దాచుకుంది. సంతోషించాలి కదా. నాకు మాత్రం ఏడుపొచ్చింది, కోపంతో. నా సంచి అడుగు నుంచి అట్ట తీసి ఆమె మిషన్ మీద పడేశాను. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇదీ తప్పే కోసినావు. పోనీలే" అంది.

సాయంత్రం బస్టాండు దాకా నేనూ వెళ్లాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక పుంగనూరు బస్సులో సీటు దొరకడం గగనం. పుంగనూరక్క అందరినీ తోసుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మేడంకు ఇచ్చిందా? లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. అంత జరిగాక కూడా నాకు మళ్లీ మండింది.

మేడం ఆమె పక్కనే నిలబడింది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి పైకెత్తి కమ్మీ గట్టిగా పట్టుకుంది. అక్క ఏదో అంటే వంగి నవ్వుతోంది. బస్సు కదిలి మలుపు తిరిగినా ఆ చెయ్యి కిందికి దిగలేదు. నా దగ్గర జాకెట్టు వేసుకుని చూసుకున్న ప్రతిసారీ ఆ చెయ్యి ఒంటికి అంటిపెట్టుకునే ఉండేది. అది ఆపరేషన్ వల్ల అనుకునేదాన్ని.