గొంతు నొక్కినా ఆగని ఇంజన్

మా బావ డెల్మర్ స్ట్రూప్‌ది నార్త్ కరోలినాలో బట్టల మిల్లు ఉద్యోగం. వారమంతా మగ్గాలు బాగుచేసి, శనివారం వస్తే ఇంటి వెనక షెడ్డులో రేసు కార్లకు ఇంజన్లు కట్టేవాడు. ఇంజన్ ఎంత పెద్దదైతే దేవుడికంత దగ్గరని ఆయన నమ్మకం. ఆ కార్లు తోలేది నేను.

డెబ్బైల మొదట్లో మా ట్రాక్‌లో రూలు మారింది. కార్లు మరీ దూసుకుపోతున్నాయని, పెద్ద ఇంజన్లకు కార్బురేటర్ కింద చిల్లుల రేకు బిగించాలన్నారు. ఆ రేకువల్ల ఇంజన్‌లోకి పోయే గాలి తగ్గి, వేగం తగ్గుతుంది. చిన్న ఇంజన్లకు రేకు అక్కర్లేదు.

ఎద్దు పీక పిసికి దున్నమంటున్నారని బావ మండిపడ్డాడు. చిన్నది కట్టుకోరాదా అంది మా అక్క వెర్లీన్. మీ తమ్ముడి బుర్రకైతే చిన్నది సరిపోతుందిగానీ కారుకు చాలదన్నాడు. తర్వాత కొన్నాళ్లు షెడ్డు తలుపు మూసుకుని, ఒకరోజు నవ్వుకుంటూ బయటికొచ్చాడు. నేను కారెక్కి తోలి చూశాను. రేకు ఉన్నా కారు మాత్రం ఎగిరిపోతోంది.

రేసు ముందు తనిఖీ చేసేది హోయిట్ లాకీ. చర్చిలో మా ముందు బెంచీలో కూర్చునే పెద్దమనిషి. ఇంజన్ తిరుగుతుండగా కార్బురేటర్ నోటిమీద రబ్బరు మూత పెట్టేవాడు. గాలి అందక ఇంజన్ ఆగిపోవాలి. ఆగలేదంటే దొంగతనంగా ఇంకెక్కడినుంచో పీలుస్తున్నట్టే.

మాది ఒకసారి దగ్గి, మళ్లీ తిరగసాగింది. హోయిట్ రెండు చేతులతో అదిమాడు. అయినా తిరుగుతూనే ఉంది. జనం మూగారు.

"డెల్మర్, ఇది చావట్లేదే."

"మొండిదన్నా. మా ఆవిడ పోలిక."

సరిగ్గా అప్పుడే వేయించిన కోడి బుట్టతో అక్క వచ్చింది. అక్కడికి ఆడవాళ్లు రాకూడదని రూలుంది. అది ఆమెకు చెప్పే ధైర్యం హోయిట్‌కు కూడా లేదు. ఏమన్నావంటూ ఆమె ఇంజన్ మీదికి వంగేసరికి తలగుడ్డ కొస సర్రున లోపలికి పోయి ఇరుక్కుంది. ఇంజన్ ఠక్కున ఆగింది.

హోయిట్ ఆ గుడ్డ వెంటే వేలు పోనిచ్చాడు. రేకుకు దిగువన, బోల్టు చాటున, బొటనవేలంత చిల్లు.

"నా పోలికేగా," అంది అక్క గుడ్డ లాక్కుంటూ. "అందుకే నా మాట విన్నది."

ఆ ఏడాదంతా మమ్మల్ని ట్రాక్ గేటు దాటనివ్వలేదు. ఇంజన్‌లోంచి విప్పిన ఆ చిల్లు ముక్కను అందరికీ బుద్ధి రావాలని గేటు దగ్గర బల్లమీద పెట్టారు. బావ ప్రతి శనివారం ఆ బల్ల దగ్గర నిలబడి, అది ఎలా చేశాడో వచ్చేపోయేవాళ్లకు వివరంగా చెప్పేవాడు. ఇలాగైతే ఊరంతా నేర్చుకుంటుందని భయపడి, మరుసటేడు ట్రాక్‌వాళ్లు తనిఖీ పనిలో ఆయన్నే పెట్టుకున్నారు. దొంగ చేతికి తాళాలిచ్చారని నవ్వనివాడు లేడు.

మొదట పట్టుకున్నది నన్నే. అప్పటికి నాది వేరేవాళ్లు కట్టిన ఇంజన్, చిల్లు మాత్రం నేను పెట్టిందే.

"ఈ చిల్లు నీకెవరు చెప్పార్రా?"

"నువ్వే బావా, బల్ల దగ్గర."

"చూడమని చెప్పాను. చెయ్యమన్నానా? పో ఇంటికి."

వయసు మీదపడి మోకాళ్లు పట్టేసేదాకా బావ ఆ పని చేశాడు. ఒక్క కారునూ ఊరికే వదల్లేదు. ఆదివారం చర్చి అయ్యాక మాత్రం షెడ్డులోకి వెళ్లి, రేకు లేని పెద్ద ఇంజన్‌ను కాసేపు ఊరికే తిప్పేవాడు. ఇరుగుపొరుగు కిటికీలు మూసుకునేవాళ్లు. మా అక్క తెరిచే ఉంచేది.