మెట్ల కింద కొలతల గది

పార్కింగు కాంప్లెక్స్ కడతామని వచ్చినవాళ్ళు చేసిన మొదటి పని, ఉన్న పార్కింగు పీకెయ్యడం. రెండో పని, నా గది ఖాళీ చేయించడం. మూడో పని ఏమిటా అని ఎదురుచూస్తే అదేమీ కనపడలేదు. చాలా రోజులు ఆ రెండు పనులతోనే సరిపెట్టుకున్నారు.

మా నూజివీడులో పాత సినిమా హాలు ఒకటుంది. దాని పక్కన బండ్ల స్టాండు. ఆ రెంటికీ మధ్య బాల్కనీకి ఎక్కే మెట్లు, ఆ మెట్ల కింద ఒక గది. పూర్వం ఆడవాళ్ళకి టికెట్లిచ్చే గదట అది. నేను పెళ్ళై వచ్చేనాటికి ఖాళీగా పడి ఉంటే, హాలు ఓనరుగారిని అడిగి కుట్టుమిషను పెట్టుకున్నాను. అప్పట్నుంచీ జాకెట్లు అందులోనే కుడుతున్నాను. హాల్లో సినిమాలు ఆగిపోయి ఏళ్ళయినా నా మిషను ఆగలేదు. స్టాండు చూసుకునేది మా ఆయన. సినిమాలు లేకపోయినా బజారుకొచ్చేవాళ్ళు, విస్సన్నపేట బస్సెక్కేవాళ్ళు బండ్లు అక్కడే పెట్టేవారు. ఆడవాళ్ళు స్కూటీ ఆయనకి అప్పజెప్పి నాలుగడుగుల్లో నా గుమ్మంలో ఉండేవారు.

మిషను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కొలతలు తీయడానికి మాత్రం నాలుగు గోడలూ ఒక తలుపూ కావాలి. చాలామంది టైలర్లు ఆది జాకెట్టు తెమ్మంటారు. అంటే ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటిస్తే దాన్ని ముందు పెట్టుకుని కొత్తది కత్తిరించేస్తారు. నాకది గిట్టదు. ఆ పాత జాకెట్టు కుట్టించుకున్నాక ఆవిడకి ఓ కాన్పు అయి ఉంటుంది, ఒక జబ్బు చేసి లేచి ఉంటుంది, దిగులుతో చిక్కిపోయి ఉంటుంది. అదేదీ జాకెట్టు చెప్పదు. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా తలుపేసి, పైట తీయించి, టేపు పెట్టి కొలవాల్సిందే. తోటల్లో కాయ కోతకెళ్ళే ఆడవాళ్ళు, బడి టీచర్లు, మా సంఘం పాస్టరమ్మగారు, అందరూ ఆ గదిలో నా ముందు చేతులెత్తి నిలబడ్డవాళ్ళే. బయట ఎవరికీ చెప్పని మాటలు కూడా ఆ నిలబడ్డ కాసేపట్లో చెప్పేవారు. నాకు ఆ గది మీద అంత ప్రాణం ఎందుకంటే అందుకు.

ఈ కాంప్లెక్స్ గురించి మీటింగు ఎప్పుడు పెట్టారంటే, సరిగ్గా మామిడి రసాల సీజన్లో. తోటలున్న ఒక్కడికీ ఊపిరి సలపని రోజులవి. ఊళ్ళో సగం మంది చెట్ల కింద, మిగతా సగం లారీల దగ్గర ఉంటారు. అలాంటప్పుడు ప్రజలందరూ వచ్చి అభిప్రాయాలు చెప్పాలని మైకులో పిలిచారు. వచ్చింది చుట్టుపక్కల షాపులవాళ్ళం కొద్దిమందిమి. గోడకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో మా హాలు తళతళలాడిపోతోంది, పక్కన అంతస్తుల మీద అంతస్తుల్లో కార్లు నిలబడి ఉన్నాయి. కింద నడిచేవాళ్ళలో ఒక్క ఆడమనిషీ చీర కట్టుకుని లేదు. వీళ్ళెవరికీ నాతో పని పడదులే అనుకున్నాను.

"అంతా బాగానే ఉంది కానీ, నా గది ఏదండీ ఇందులో?" అని అడిగాను ఇంజనీరుగారిని. కుర్రాడే, మర్యాదగా మాట్లాడతాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళతోనే నాకు భయం.

"మీ గదికేం కాదమ్మా. హాలు ముందుభాగం, మెట్లు, బాల్కనీ, ఏదీ కదపం. పాతది పాతగానే ఉంచుతాం, అదే ప్లాను."

"మరి నన్ను ఖాళీ చేయమనడం దేనికి?"

"దుమ్ము పడుతుందని. మీ బట్టలు పాడవుతాయి కదండీ."

నా బట్టల మీద నాకంటే అతనికే ఎక్కువ శ్రద్ధ. ఓనరుగారు కల్పించుకుని, "క్రిస్మస్ కుట్టుపనికల్లా మీ గదిలో మీరు కూర్చుంటారమ్మా, నాదీ పూచీ" అన్నారు. పెద్దమనిషి మాట కదా అని తాళంచెవి ఇచ్చేశాను.

నాకు మెయిన్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు చూపించారు. దానికి మూడు వైపులే గోడలు. నాలుగో వైపు లారీలు, ఆటోలు, కాయల బుట్టల మీద కూర్చున్న హమాలీలు. అక్కడ ఏ ఆడమనిషిని పైట తీయమంటాను? చచ్చినట్టు నేనూ ఆది జాకెట్లు తీసుకోవడం మొదలుపెట్టాను. ఒకావిడకి చంక పట్టేసింది. ఇంకొకావిడకి భుజం జారిపోయింది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని పాస్టరమ్మగారు కూడా, "నీ చెయ్యి మారిందేంటమ్మా?" అన్నారు. చెయ్యి మారలేదండీ, గోడ ఒకటి తగ్గింది అని చెప్పాలనిపించింది. కుట్లు విప్పి మళ్ళీ వేసిచ్చాను.

ఇక అసలు కథ. స్టాండు స్థలం రోడ్డుకంటే పల్లం. ముందు మట్టి తోలి మెరక చెయ్యాలన్నారు. స్టాండు పోయిందని కాంట్రాక్టరు మా ఆయన్నే అక్కడ వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. ఆయనది చాట్రాయి వైపు, మామిడి అంట్లు కట్టే ఇంట్లో పుట్టారు. స్టాండులో ఎన్నేళ్ళు కూర్చున్నా బుద్ధంతా చెట్ల మీదే. మట్టి ఎక్కడ దొరుకుతుందని కాంట్రాక్టరు అడిగితే, ఈయన ఎగేసుకుని వెళ్ళి, ఊరి బయట మామిడి తాండ్ర చేసేవాళ్ళ స్థలం వెనక ఉన్న గుట్ట చూపించారు. ఆ గుట్ట ఎప్పుడు పోతుందా అని వాళ్ళూ చూస్తున్నారట. ఏటా సీజన్లో రసం తీసేసిన టెంకలన్నీ అక్కడ పోసి, పైన మట్టి నెట్టేస్తారు మరి.

అన్నం పెడుతూ, "అందులో టెంకలుంటాయి కదండీ?" అన్నాను.

"ఉంటే ఉంటాయి. రోలరు తొక్కితే పిండైపోతాయి" అన్నారు.

మట్టి వచ్చింది. రోలరు రాలేదు. విస్సన్నపేట రోడ్డు పనిలో ఉందట, రేపొస్తుంది ఎల్లుండొస్తుంది అన్నారు. రోలరుకంటే ముందు వానలొచ్చాయి.

తర్వాతేమైందో మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. శ్రావణమాసం వచ్చేసరికి స్టాండు స్థలం నిండా మామిడి మొక్కలు, ఎర్రటి లేతాకులేసుకుని, కాలు పెట్టే చోటు లేకుండా. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కానీ మా వైపు మనిషికి మొలిచిన టెంక కనపడితే చెయ్యి ఊరుకోదు. ఆ మొక్క పట్టుకెళ్ళి పెంచి, దాని మీద మంచి రకం అంటు కట్టేదాకా నిద్ర పట్టదు. మొదట ఎదురు షాపువాళ్ళు తవ్వుకున్నారు. తర్వాత చాట్రాయి నుంచి ఆటోలేసుకుని వచ్చారు. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కూలీలు కూడా సాయంత్రం ఇంటికెళ్తూ తలా రెండు పట్టుకెళ్ళేవారు. పాస్టరమ్మగారు సంఘం ఆవరణలో వేద్దామని ఒకటి తీసుకెళ్ళారు.

వాళ్ళని ఆపాల్సిన వాచ్‌మన్‌గారు ఏం చేస్తున్నారా అని నేను షెడ్డు నుంచి వెళ్ళి చూశాను. పంచె ఎగ్గట్టి, చేతిలో గునపం పట్టుకుని వచ్చినవాళ్ళకి నేర్పుతున్నారు.

"పైపైన పీకకండి. తల్లివేరు తెగితే బతకదు. లోతుగా తవ్వి, మట్టిగడ్డతో సహా లేపండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మిమ్మల్ని పెట్టింది కాపలాకా, పంచిపెట్టడానికా?" అన్నాను అందరి ముందే.

"మొలిచినదాన్ని తొక్కేయమంటావా ఏంటి? వీళ్ళు పట్టుకెళ్తే నాలుగు చోట్ల బతుకుద్ది" అన్నారు, ఏమీ కానట్టు.

అలా ఆయన దగ్గరుండి లోతుగా తవ్వించబట్టే ఆ స్థలమంతా మోకాలి లోతు గుంటలు పడింది. వాన పడితే ప్రతి గుంటా నీళ్ళే. ఇంజనీరుగారొచ్చి చూసి, ఈ మట్టి పనికిరాదు, తీసేసి మళ్ళీ తోలండి అన్నాడు. రెండోసారి తోలడం నా పని కాదు అన్నాడు కాంట్రాక్టరు. ఇద్దరూ రోడ్డు మీదే వాదించుకున్నారు. మర్నాటికి మిషన్లు లేవు, కూలీలు లేరు, మా ఆయన ఉద్యోగమూ లేదు. ఫ్లెక్సీ ఒక్కటి మిగిలింది, అదీ ఒక మూల చిరిగి వేలాడుతూ.

కొన్నాళ్ళకి ఓనరుగారే షెడ్డుకొచ్చారు. "ఇక ఇది కదిలే పని కాదమ్మా. మీ గది మీరు తీసుకోండి" అని తాళంచెవి చేతిలో పెట్టారు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. గది కడిగాను, తలుపుకి కొత్త కర్టెన్ కుట్టి వేశాను, మెళ్ళో టేపు వేసుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు.

ఎలా వస్తారు? రోడ్డుకీ నా గుమ్మానికీ మధ్య అన్నీ గుంటలే. ఒక టీచరమ్మ స్కూటీ రోడ్డు మీదే ఆపి, "ఆంటీ, నేను అక్కడిదాకా రాలేనండీ, మీరే ఇటొచ్చి కొలతలు తీసుకోండి" అని కేకేసింది. నడిరోడ్డు మీదట. ఇంకొక పెద్దావిడ ధైర్యం చేసి బయల్దేరి, మోకాలిదాకా దిగబడింది. ఎముక విరగలేదు గానీ, ఆవిడ నన్నన్న మాటలు ఇక్కడ రాయలేను. గది లేనప్పుడు షెడ్డుకైనా వచ్చేవారు. గది వచ్చాక అసలు రావడం మానేశారు. ఇక నేను ఎవరిని తిట్టాలి? మా ఆయన్ని ఎలాగూ తిట్టాను, దానివల్ల గుంటలు పూడలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలు చదివే టైములో లేచి నిలబడ్డాను. "హాలు పక్కన మొక్కలు తవ్వుకెళ్ళినవాళ్ళందరూ వచ్చి గుంటలు పూడ్చండి. పూడ్చని ఇంటికి క్రిస్మస్ జాకెట్టు కుట్టను" అని చెప్పి కూర్చున్నాను. పాస్టరుగారు గొంతు సవరించుకుని, తర్వాతి ప్రకటన చదివారు. సంఘానికి రానివాళ్ళకి ఫోన్లు చేసి అదే మాట చెప్పాను. మీ పండగలకీ ఇదే లెక్క అన్నాను.

జాకెట్టంటే మాటలా, వచ్చారు. తోటల నుంచి పని దిగి వచ్చే ఆడవాళ్ళు తలా ఒక తట్ట మట్టి తెచ్చి పోశారు. చాట్రాయి ఆటోలు మట్టి బస్తాలతో మళ్ళీ వచ్చాయి. పాస్టరమ్మగారు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని తన గుంట తనే పూడ్చారు. ఎవరు ఎక్కడ తవ్వారో గుర్తుపెట్టుకుని చూపించే పని మా ఆయనది. చూపించి, దిమ్మిస పట్టుకుని ఒక్కొక్క గుంటలో మట్టి గట్టిపడేదాకా కొట్టారు. అదొక్కటే ఆయన నాకు చెప్పిన క్షమాపణ. స్థలం చదునుగా వచ్చింది. ఆయన మళ్ళీ తాడు కట్టి బండ్లు పెట్టించడం మొదలుపెట్టారు. డిసెంబరు రాకముందే నా గదిలో అడుగు పెట్టే సందు లేకుండా బట్టలు నిండిపోయాయి. తలుపు వేయడం, కొలవడం, తలుపు తీయడం, ఇంకొకర్ని పిలవడం. ఒళ్ళు హూనమవుతున్నా అంత హాయిగా ఎప్పుడూ లేను.

అలాంటి ఒక సాయంత్రం, తోటపనికి వెళ్ళే ఒకమ్మాయిని కొలతలకి నిలబెట్టి ఉండగా ఎవరో తలుపు తట్టారు. కాస్త తీసి చూస్తే ఇంజనీరుగారు. స్థలమంతా ఒకసారి తిరిగొచ్చినట్టున్నాడు, బూటు మడమతో నేలని తొక్కి చూస్తున్నాడు.

"ఎవరు చేయించారండీ ఇది? చాలా గట్టిగా కుదిరింది."

"మేమే" అన్నాను, కొంచెం గర్వంగానే.

"చాలా థాంక్సండీ. ఈ మట్టిపని దగ్గరే కాంట్రాక్టరు మొండికేసి కూర్చున్నాడు. ఇప్పుడిక ఒప్పుకుంటాడు. సోమవారం మొదలుపెట్టేస్తాం."

"మరి నా గది?"

"ప్లాను కొంచెం మారిందమ్మా. ఈ మెట్లు తీసేసి, ఇక్కడ లిఫ్టు పెట్టమంటున్నారు. మీరేం కంగారు పడకండి, మూడో అంతస్తులో కార్ల పక్కన మీకొక కౌంటరు ఇస్తారు. చుట్టూ అద్దాలే, చాలా బాగుంటుంది."

చుట్టూ అద్దాలు. ఆ మాట అతను ఎంత మర్యాదగా చెప్పాడో. బయట మా ఆయన బండ్ల మధ్య నిలబడి నా ముఖంలోకే చూస్తున్నారు. ఆయన చేత దిమ్మిస పట్టించింది నేనే. తట్టలు మోయించింది నేనే.

"సోమవారానికి ఖాళీ చేసెయ్యండమ్మా" అన్నాడు అతను.

"ముందు ఈ అమ్మాయి కొలతలు అవనివ్వండి" అని తలుపేసి గడియ పెట్టాను.

ఆ అమ్మాయి చేతులెత్తి అలాగే నిలబడి ఉంది. భుజం కొలిచాను, ఛాతీ కొలిచాను, నడుం కొలిచాను, చేతి పొడవు కొలిచాను. మళ్ళీ భుజం దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

"ఏంటమ్మగారూ, మళ్ళీ కొలుస్తున్నారు? తప్పొచ్చిందా?" అంది.

"తప్పేం రాలేదు. చేతులు దించకమ్మా" అన్నాను.